డిపార్టుమెంటు ఆకు

ముందే ఒప్పేసుకుంటున్నాను, ఈ కథలో తప్పు చేసిన పిల్ల నేనే. ‘నేను’ అంటూ రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ మూడో పేజీకల్లా నన్ను నేను వెనకేసుకొచ్చేశాను: జలుబు చేసిందనీ, టైము లేదనీ, ఫారమే అలా ఉందనీ. అందుకని ఈసారి ఆ పిల్లకి జాయ్సీ అని పేరు పెట్టి, కాస్త దూరంగా నిలబెట్టి చూస్తున్నాను. పక్కవాళ్ళ తప్పయితే మనకి బాగా కనబడుతుంది కదా.

*

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికే ముత్తెమ్మ జామాయిల్ తోటలోకి దిగిపోయింది. వెనకాల జాయ్సీ. ఒక చేతిలో జీపీఎస్ యంత్రం, ఇంకో చేతిలో ఫారాల అట్ట, మెడలో కంపెనీ ఐడీ కార్డు, ముక్కులో అప్పుడే మొదలైన జలుబు.

రెండువేల ఎనిమిది నవంబరు అది. జంగారెడ్డిగూడెం నుంచి జీపులో గంటంపావు పైకి వెళ్తే నేరేడుగొంది. ముప్పై ఒక్క కోయ కుటుంబాలు. కొత్తగా వచ్చిన అడవి హక్కుల చట్టం కింద, రెండువేల ఐదు డిసెంబరు నాటికి ఎవరు ఎక్కడ సాగు చేసుకుంటున్నారో తేల్చి పట్టాలివ్వాలి. పట్టా ఇవ్వాలంటే ముందు ఎవరో ఒకరు ఆ భూమి చుట్టూ యంత్రం పట్టుకుని నడవాలి. ఆ నడిచే పని ఏలూరులో ఒక చిన్న సర్వే కంపెనీకి దక్కింది. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివి, ఏలూరు ఆఫీసులో ఏసీ కింద మ్యాపులు గీసుకునే జాయ్సీని, మనుషులు చాలక ఫీల్డుకి తోశారు.

“ఒక్క నిమిషం ఆగండి. ఉపగ్రహాలు దొరకలేదు.”

ముత్తెమ్మ ఆగింది. అరవై దాటిన మనిషి. ఆకుపచ్చ చీర మోకాళ్ళ కిందికి కట్టి, తలకి తువ్వాలు చుట్టుకుంది. “ఏంది దొరకలేదు?”

“ఉపగ్రహాలండి. పైనుంటాయి. అవి చెప్తేనే మనం ఎక్కడున్నామో దీనికి తెలుస్తుంది.”

ముత్తెమ్మ తలెత్తి చూసింది. సన్నగా, నిటారుగా, ఒకే ఈడు పిల్లల్లా వరసల్లో నిలబడ్డ జామాయిల్ చెట్లు తప్ప పైన ఏమీ లేదు. “అవి చెప్పేదాకా నా పొలం ఎక్కడుందో నీకు తెలవదా?”

“తెలీదండి.”

“నాకు తెలుసు. రా.”

ఈలోగా యంత్రానికి ఉపగ్రహాలు దొరికాయి. జాయ్సీ వెనకే నడిచింది. ముత్తెమ్మ నాలుగడుగులు వేసి ఒక చెట్టుని రెండు చేతులతో పట్టుకునేది, వదిలేది, పక్క వరసలో చెట్టుని పట్టుకునేది, మళ్ళీ నడిచేది. పాపం పెద్దావిడ, ఊతం కోసం పట్టుకుంటోంది అనుకుంది జాయ్సీ. చెయ్యి అందించబోయింది కూడా. ముత్తెమ్మ ఆ చేతిని వింతగా చూసి, తప్పించుకుని, మిట్ట ఎక్కేసింది. కింద ఎండాకు చెప్పులకి గలగలా తగులుతోంది. ఎక్కడా గడ్డి లేదు. తీగ లేదు. పిట్ట కూత కూడా తోట బయటినుంచే వినబడుతోంది.

పావుగంటలో చుట్టు తిరిగారు. యంత్రం తెరమీద నాలుగెకరాల పది సెంట్ల గీత మూసుకుంది. ఒక పక్క వంకర, ఒక మూల నొక్కుకుపోయి, కొరికి వదిలేసిన జొన్నరొట్టెలా ఉంది ఆకారం.

ఇంక ఫారం. తొమ్మిదో గడిలో ప్రశ్న: ‘ప్రస్తుతం భూమి ఎవరి అధీనంలో ఉంది?’ జవాబులు మూడు. ఒకటి, హక్కుదారు. రెండు, డిపార్టుమెంటు, అంటే అటవీ శాఖ. మూడు, ఇతరులు. ‘అధీనం’ అంటే గూడేల్లో ఎవరికీ తెలీదని జాయ్సీకి తెలుసు. అలాంటి మాటలు పట్టుకుని మనుషుల్ని భయపెట్టకూడదని ఆమె నమ్మకం. అందుకే తేలిక చేసి అడిగింది.

“ఇప్పుడిక్కడ ఏముందండి?”

“ఏముంటది? డిపార్టుమెంటే.”

“మొత్తమా?”

“ఆ అంచు నుంచి ఈ అంచు దాకా డిపార్టుమెంటే. కనబడతలే?”

“ఎప్పట్నించండి?”

“మూడు వానాకాలాలు. అంతకుముందు జొన్న, కంది, బొబ్బర్లు.” ముత్తెమ్మ మాట్లాడుతూనే కాలితో ఎండాకు పక్కకి తోసి, కింద మట్టి చూసి, మళ్ళీ కప్పేసింది. “ఇప్పుడు డిపార్టుమెంటు.”

జాయ్సీ రెండో కోడు నొక్కింది. సేవ్. చదివి వినిపించాలని రూలు కాబట్టి చదివి వినిపించింది. “తెల్లం ముత్తెమ్మ, నాలుగెకరాల పది సెంట్లు, ప్రస్తుతం డిపార్టుమెంటు. సరేనా అండి?”

“అవునవును,” అని ముత్తెమ్మ స్టాంపు ప్యాడ్ మీద వేలు అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కింది. ఎక్కువ సిరా అంటితే తలకి చుట్టిన తువ్వాలుకి తుడుచుకుంది.

మంగళవారం మధ్యాహ్నానికి ముప్పై ఒక్క కుటుంబాలూ అయిపోయాయి. ముప్పై ఒకరూ అదే మాట. ఇంత నిజాయితీగా ఒప్పేసుకునేవాళ్ళు మరి దరఖాస్తు ఎందుకు పెట్టినట్టు అని జాయ్సీకి ఒకసారి అనిపించింది. అనిపించింది గానీ అడగలేదు. ఈ వాక్యం కోసమే ఈ కథ మూడోసారి మొదలుపెట్టాల్సి వచ్చింది.

*

మంగళవారం సాయంత్రం జంగారెడ్డిగూడెం బస్టాండు పక్కన నెట్ సెంటర్ నుంచి ఫారాలు స్కాన్ చేసి, డేటా అంతా ఏలూరుకి పంపించింది. పంపిన పది నిమిషాలకి మేనేజరు మధుబాబు ఫోన్ చేశాడు.

“ఏమ్మా జాయ్సీ, ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ రెండో కోడేనా? ఆళ్ళే ఒప్పుకున్నారా?”

“ఒప్పుకున్నారండి. చాలా మంచోళ్ళు సార్ పాపం. ఒక్క మాట తిప్పలేదు.”

“గొడవలేని ఊరన్నమాట. శుక్రవారం కమిటీకి పెడతారు, కొట్టేస్తారు, మనకి పని అయిపోద్ది.”

“కొట్టేస్తారాండి?”

“డిపార్టుమెంటుదని ఆళ్ళే చెప్పి వేలేశాక పట్టా ఎవరికిస్తారమ్మా? నువ్వు మాత్రం భలే తొందరగా చేసుకొచ్చావ్. అన్నట్టు, మూడు ఫారాల మీద వేలిముద్ర అలికినట్టుంది. రేపెళ్ళి మళ్ళీ వేయించుకొచ్చెయ్.”

జాయ్సీ తుమ్మింది. ఫోను పెట్టేశాక ఇంకో నాలుగుసార్లు తుమ్మింది. భలే తొందరగా చేశావ్ అన్న మాట మాత్రం లాడ్జి గదిదాకా కూడా వచ్చింది.

*

బుధవారం ఆమె నేరేడుగొంది చేరేసరికి కళ్ళూ ముక్కూ ఒకటై కారుతున్నాయి. వేలిముద్రలు వేయించుకుని జీపు కోసం ముత్తెమ్మ వాకిట్లో కూలబడింది. ముత్తెమ్మ కందులు చెరుగుతోంది. కోడలు నాగమణి, ఇరవై ఏళ్ళుంటాయి, దడికి అలకడానికి మట్టి తొక్కుతోంది.

“ఆ తుమ్ములేందమ్మాయ్, గుండె ఊడి పడేట్టుంది,” అంది ముత్తెమ్మ. “నాగమణీ, ఈ పిల్లకి నాలుగు డిపార్టుమెంటు ఆకులు కోసుకురా. ఆవిరి పట్టిద్దాం.”

జ్వరానికి చెవులు దిబ్బడేశాయి కాబట్టి జాయ్సీకి ఆ మాట సరిగ్గా వినబడలేదు. కుండలో నీళ్ళు మరిగాయి. ఆకులు పడ్డాయి. కుండ ముందు కూర్చోబెట్టి తలమీంచి దుప్పటి కప్పేశారు. లోపల చీకటి, వేడి, ముక్కు పగిలిపోయే నీలగిరి తైలం వాసన. జామాయిల్ ఆకులు! ఇందాక ఏదో ఆకులన్నారే...

దుప్పటి బయట అత్తాకోడళ్ళు మాట్లాడుకుంటున్నారు.

“పందిరి గుంజలు చెదలు పట్టినయ్ అత్తా. రెండు డిపార్టుమెంటులు నరుక్కొద్దామా?”

“ఇప్పుడొద్దు, గార్డు చూస్తే కేసు. ఆ వాగు పక్క గాలికి పడ్డ డిపార్టుమెంటు ఉందిగా, అది లాక్కొద్దాం.”

“దాని కిందే మన కోడి గుడ్లు పెట్టింది.”

“డిపార్టుమెంటు కిందా? దానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా?”

నవ్వారు.

జాయ్సీ ముక్కు ఒక్కసారిగా తెరుచుకుంది. చెవులూ తెరుచుకున్నాయి. మోకాళ్ళ మధ్య కుండ, కళ్ళలోంచి నీళ్ళు, ఒళ్ళంతా చెమట. లేచే ప్రయత్నం కూడా చెయ్యలేదు. దుప్పటి కిందే అలా గుడ్లప్పగించి ఉండిపోయింది.

ఏముంటది? డిపార్టుమెంటే. ఆ అంచు నుంచి ఈ అంచు దాకా డిపార్టుమెంటే. కనబడతలే?

చెట్టు. ఆవిడ చెట్టు పేరు చెప్పింది.

అందులో వింతేముంది? కొల్లేటి గట్టున మండవల్లిలో అమ్మమ్మ కృపమ్మ ఎన్నిసార్లు అరిచి ఉంటుంది, “చెప్పులేసుకోవే జాయ్సీ, గట్టంతా సర్కారే!” అని. కాల్లో దిగిన సర్కారుని పిన్నీసుతో తీసి, పసుపు అద్ది, “పాడు సర్కారు” అని తిట్టి పారేసేది. సర్కారు తుమ్మని సర్కారు అంటారని జాయ్సీకి పుట్టినప్పట్నించీ తెలుసు. చెరువు గట్టు మీద ఏముంది అని ఎవరైనా అడిగితే తనూ ‘సర్కారే’ అని ఉండేది. అప్పుడు ఎవరో వచ్చి, అమ్మమ్మ గట్టుని ప్రభుత్వం పేర రాసుకుని, ఆవిడ చేత వేలేయించుకుని పోతే?

దుప్పటి తోసేసింది. మొహంమీద వెంట్రుకలు అతుక్కుపోయి, నోరు తెరుచుకుని, ఎవరో నీళ్ళలోంచి లాగినట్టు ఉంది.

“తగ్గిందా?” అంది ముత్తెమ్మ.

“ముత్తెమ్మగారూ, మీరు జామాయిల్‌ని డిపార్టుమెంటు అంటారా?”

“జామాయిల్ అని మీరంటారు. మాకు తెచ్చి పెట్టింది డిపార్టుమెంటోళ్ళు. ఆళ్ళ చెట్టుకి ఆళ్ళ పేరే. ఏం?”

జాయ్సీ చెప్పింది. చెప్పడానికి చాలాసేపు పట్టింది, ఎందుకంటే కోడు అంటే ఏంటో, గడి అంటే ఏంటో, కమిటీ అంటే ఏంటో అన్నీ చెప్పాలి. చెబుతున్నకొద్దీ నాగమణి కాళ్ళు మట్టిలో తొక్కడం ఆపేశాయి. ముత్తెమ్మ చేతిలో చేట మాత్రం ఊగుతూనే ఉంది. కందులు ఎగిరి పడుతున్నాయి. ఎగిరి పడుతున్నాయి. తర్వాత పడినవి పడినట్టే ఉన్నాయి.

“నా పొలం డిపార్టుమెంటోళ్ళదని నేను చెప్పానా?”

“అలా రాసుకున్నానండి.”

“నా నోటితోనా?”

“మీ నోటితో అన్నదే. నేనే తప్పు...”

“వేలు కూడా ఏశా.”

ముత్తెమ్మ తన బొటనవేలు ఎత్తి చూసుకుంది. గోరు మొదట్లో సోమవారం నాటి సిరా నీలంగా ఇంకా ఉంది. దాన్ని ఎవరిదో వేలులాగా అటూ ఇటూ తిప్పి చూసింది. తిట్టలేదు. జాయ్సీ మాత్రం తిడితే బాగుండునని ఎదురుచూస్తూ కూర్చుంది.

నేరేడుగొందిలో సెల్ ఫోనుకి సిగ్నల్ నీళ్ళ ట్యాంకు మెట్ల మీద, అదీ నాలుగో మెట్టు మీద దొరుకుతుంది. జాయ్సీ ఆ మెట్టు మీద నిలబడి మధుబాబుకి అంతా చెప్పింది. ఆయన ముందు నవ్వాడు. బాగా నవ్వాడు.

“చెట్టా? భలే ఉందమ్మా!” తర్వాత గొంతు మారింది. “సరేలే, ఇప్పుడేం చేస్తాం. డేటా వెళ్ళిపోయింది.”

“వెనక్కి తెప్పించండి సార్.”

“ఏమని రాయమంటావ్? మా సర్వేయరుకి తెలుగు రాదని రాయనా? చూడమ్మా, చదివి వినిపించావ్. ఆళ్ళు సరే అన్నారు. వేలేశారు. కాగితం ప్రకారం నీ తప్పేం లేదు, నా తప్పేం లేదు.”

“కాగితం ప్రకారం వాళ్ళ తప్పాండి?”

“తప్పని ఎవరన్నారు? చెప్పింది రాసుకున్నాం. నువ్వు ముందు జ్వరం తగ్గించుకుని ఏలూరు వచ్చెయ్. గొడవ పెట్టుకున్నావంటే మాత్రం, నేనేం చెయ్యలేను మరి, ముందే చెప్తున్నా.”

జాయ్సీ మెట్టు దిగింది. ఒక్క మెట్టు దిగగానే ఆయన గొంతు తెగిపోయింది.

కింద ముత్తెమ్మ నిలబడి ఉంది. “ఏమన్నాడు మీ దొర?”

“ఆయన మార్చరండి. కమిటీ చేత మార్పించాలంటే సాక్ష్యం కావాలండి. అది మీ సాగే అని కనబడాలి. గట్టు, బావి, రాళ్ళు, ఏదో ఒకటి...”

“గట్టు ఆళ్ళే చదును చేశారు. మొక్కలు పెట్టేటప్పుడు.” ముత్తెమ్మ తోట వైపు తిరిగింది. “రేపు పొద్దున్నే రా. ఆ యంత్రం తీసుకునే రా.”

*

గురువారం ముత్తెమ్మ తోట అంచు దాకా వచ్చి ఒక రాయి మీద కూర్చుండిపోయింది. “నేను రాను. దీన్ని నడిపించు,” అని నాగమణిని చూపించింది. “ఇది మా ఇంటికొచ్చి రెండేళ్ళు కాలేదు. అప్పటికే చెట్లు పెట్టేశారు. నా పొలం పొలంగా ఇది చూడనే లేదు.”

“చూడకపోతే హద్దు ఎలా తెలుస్తుందండి?”

“చేతులున్నాయిగా.”

నాగమణి సిగ్గుపడుతూ మొదటి చెట్టుని రెండు చేతులతో చుట్టింది. “ఇట్టా పట్టుకో అక్కా. బొటనవేలికి బొటనవేలు, అవతల వేళ్ళకి వేళ్ళు. చూడు, అందట్లా.” పక్క వరసకి వెళ్ళింది. “ఇప్పుడిది పట్టుకో.”

జాయ్సీ పట్టుకుంది. వేళ్ళమీద వేళ్ళెక్కాయి. అదే రకం, అదే రోజు నాటిన మొక్క, మధ్యలో రెండు గజాల దూరం. ఒకటి బలిసింది, ఒకటి ఎండిపోయినట్టు ఉంది. మళ్ళీ మొదటి చెట్టుని పట్టుకుంది. అందలేదు.

“ఎందుకిలా?”

“అవతలిది రాతి నేల. ఇవతల మా అత్త ముప్పై ఏళ్ళు పేడెరువు పోసింది, బూడిద చల్లింది, రాళ్ళేరింది. ఈ ముదనష్టపుది అదంతా తాగి బలిసింది. మా ఊళ్ళో ఎవుళ్ళైనా చెప్తారు. కట్టెలకెళ్ళినప్పుడు ఇది ఎవురి పొలం అని పట్టుకుని చూసుకుంటాం. చిన్నపిల్లల ఆట కింద కూడా ఆడతారు.”

సోమవారం ముత్తెమ్మ ఊతం కోసం చెట్లు పట్టుకుందనుకుని తను అందించిన చెయ్యి జాయ్సీకి గుర్తొచ్చింది.

నాగమణి నడిచింది. పట్టుకోవడం, వదలడం, పక్కది పట్టుకోవడం. రెండుచోట్ల ఆగి, వెనక్కొచ్చి, మళ్ళీ చూసుకుంది. వెనకాల యంత్రం పట్టుకుని జాయ్సీ. ఈసారి ఉపగ్రహాలు తొందరగానే దొరికాయి. మొదటి చెట్టు దగ్గరికి తిరిగొచ్చి గీత మూశాక, తోటలోనే గొంతుక్కూర్చుని, సోమవారం గీత మీద ఈ గీతని వేసి చూసింది.

గీత మీద గీత పడింది. అదే వంకర. అదే నొక్కు. కొరికి వదిలేసిన అదే రొట్టె.

జాయ్సీ రెండు గీతల్నీ పెద్దవి చేసి మళ్ళీ చూసింది. పొలం దున్నిన మనిషి నడిచి గీసిన గీత ఒకటి, పొలమే చూడని మనిషి చేతులతో గీసింది ఒకటి. కాలేజీలో నాలుగేళ్ళు, పైన ఇంకో డిప్లమా, ఇరవై నాలుగు ఉపగ్రహాలు. ఇన్ని ఉండి ఆమె కనుక్కోలేని సంగతి ఇక్కడి పిల్లలు ఆటగా ఆడుకుంటున్నారు.

“ఒక్క మూల మాత్రం తేడా వస్తోందండి,” అంది బయటికొచ్చాక. “ఈశాన్యం మూల. మీరు బయటికి నడిచారు, నాగమణి ఆరేడు గజాలు లోపలికి నడిచింది.”

ముత్తెమ్మ ముఖం మొదటిసారి విప్పారింది. “అది బీడు. మా ఆయన చనిపోయిన ఏడు నుంచి ఆ మూల దున్నలేదు, ఎరువెయ్యలేదు. చెట్టుకి తెలిసిపోయింది చూశావా!” అని కోడలి వీపు మీద ఒక్కటి చరిచింది. “నీక్కూడా తెలిసిపోయిందే!”

మధ్యాహ్నం బడి వరండాలో గ్రామసభ కూర్చుంది. ముప్పై ఒక్క కుటుంబాలూ వచ్చాయి. వార్త పొద్దున్నే తెలిసిపోయింది కాబట్టి ఎవరూ గట్టిగా మాట్లాడట్లేదు. కొందరు తమ బొటనవేళ్ళు చూసుకుంటున్నారు. పంతులుగారు తీర్మానాల పుస్తకం తెరిచారు. పెద్దలు చెబుతుంటే రాశారు: నేరేడుగొంది గ్రామంలో డిపార్టుమెంటు అనగా జామాయిల్ చెట్టు. ఆ చెట్టు పెట్టకముందు ఎవరెవరు ఎక్కడ సాగు చేశారో కింద రాయడమైనది. చెట్టు లావును బట్టి హద్దు తెలియును. అడిగినవారికి నడిచి చూపగలము.

చివర్న జాయ్సీ చెప్పింది కూడా రాశారు. ‘నేను అడిగిన ప్రశ్న తప్పు. నేను రాసుకున్న జవాబు తప్పు.’ పెన్ను తీసి సంతకం చెయ్యబోయింది.

“ఆగమ్మాయ్,” అంది ముత్తెమ్మ. “వేలెయ్యి.”

“నాకు సంతకం వచ్చండి.”

“వస్తే వచ్చింది. నీ కాగితంలో మా మాట రాసి మా వేలు ఏయించుకున్నావ్. ఇది మా కాగితం. ఇందులో నీ మాట రాశాం. నీ వేలే కావాలి.”

ఎవరూ నవ్వలేదు. జాయ్సీ తన బ్యాగులోంచి తన స్టాంపు ప్యాడే తీసింది. వేలు అద్దింది. ఎంత గట్టిగా నొక్కాలో తెలియక ముద్ర అలికింది. ముత్తెమ్మ దగ్గరికొచ్చి, ఆమె వేలు పట్టుకుని, మళ్ళీ అద్ది, ఎడమ నుంచి కుడికి మెల్లగా దొర్లించింది. “ఇట్టా. నేను వేలేసే ముందు నాకు పంతులుగారు చదివి వినిపిస్తారు, నువ్వు కూడా విను.”

పంతులుగారు చదివారు. జాయ్సీ ప్రతి మాటా విన్నది. మధ్యలో రెండుసార్లు ఆపి, అంటే ఏంటండి అని అడిగింది.

*

శుక్రవారం పొద్దున్న జంగారెడ్డిగూడెంలో కమిటీ కూర్చునే ఆఫీసుకి ముత్తెమ్మ, నాగమణి, జాయ్సీ ముగ్గురూ వెళ్ళారు. ఫైళ్ళు చూసే క్లర్కు కామేశ్వరిగారు తీర్మానం అంతా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు.

“ఏవండీ, డిపార్టుమెంటు అంటే చెట్టాండీ?”

“చెట్టేనండి,” అంది జాయ్సీ.

“అయ్యబాబోయ్.”

కాగితాలు పట్టుకుని ఆవిడ లోపలికి వెళ్ళారు. అరగంట తర్వాత వచ్చారు. నేరేడుగొంది ముప్పై ఒకటీ పక్కన పెట్టారనీ, మళ్ళీ కొలిపిస్తారనీ, ఈసారి వేరే సర్వేయరు వస్తారనీ చెప్పారు. “మీ ఆఫీసు నుంచి కూడా ఫోనొచ్చిందండి. మీరు ఇవాళ్టి నుంచి వాళ్ళ తరఫున కాదని చెప్పమన్నారు.” జాయ్సీ మెడలో ఐడీ కార్డు తీసి బ్యాగులో వేసుకుంది. అనుకున్నదే కాబట్టి పెద్దగా ఏమీ అనిపించలేదు. ముప్పై ఒకటీ ఆగాయి. అది చాలు. ముత్తెమ్మ నాగమణి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కామేశ్వరిగారు మాత్రం కూర్చోలేదు. బీరువా దగ్గరికి వెళ్ళి ఒక పెద్ద కట్ట మోసుకొచ్చి బల్లమీద పెట్టారు. “మరి వీటి సంగతేంటండీ?”

“ఇవేంటండి?”

“నాలుగూళ్ళవి. రెండొందల పన్నెండు. అందరూ డిపార్టుమెంటే అన్నారు. మొన్న పదో తారీకున కొట్టేశాం. నోటీసులు కూడా వెళ్ళిపోయాయి.”

పై కాగితం మీద ఎర్ర సిరాతో రాసి ఉంది: హక్కుదారు స్వయంగా అంగీకరించినందున తిరస్కరించడమైనది.

“ఇవి నేను చెయ్యలేదండి,” అంది జాయ్సీ. చిన్నగా, తొందరగా అంది. “వేరే సర్వేయర్లు.”

“అవునండీ, వేరే వేరే వాళ్ళే. కానీ అందరూ ఒక్కలాగే అడిగారు. ఇదిగోండి, దీని ప్రకారం.” కట్టకి గుచ్చి ఉన్న కాగితం ఇటు తిప్పారు.

‘సర్వేయర్లకు సూచనలు. తొమ్మిదో గడి: అధీనం అను మాట వాడవద్దు. తేలికగా ఇలా అడగండి: ఇప్పుడిక్కడ ఏముంది?’ అడుగున చిన్న అక్షరాల్లో: తయారుచేసినవారు, ఎం. జాయ్సీ.

ఏలూరు ఆఫీసులో ఒక మధ్యాహ్నం, టీ తాగుతూ, ఇరవై నిమిషాల్లో టైపు చేసింది. బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకుంది కూడా.

జాయ్సీ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. ముత్తెమ్మకి చదువు రాదు కాబట్టి ఆమెకి చదివి వినిపించాలి. వినిపించింది. తన పేరుతో సహా.

కామేశ్వరిగారు ఇంకో సన్న కట్ట తీశారు. “ఇంకో చిక్కుందండీ. ఇవి చింతలపూడి వైపు ఒక ఊరివి, నలభై ఏడు. వీటికి మూడో కోడు పెట్టారు, ఇతరులు అని. పక్కన ‘దొర’ అని రాశారు. నలభై ఏడు మంది భూమీ ఒక్క దొర దగ్గరే ఉందిట! ఆ దొర ఎవరో కనుక్కోమని మేము మెమో కూడా పంపామండీ. ఇంతవరకూ మనిషి దొరకలేదు.”

ముత్తెమ్మ ఆ కట్ట వైపు చూసింది. జాయ్సీ వైపు చూసింది.

“ఆ పక్కనే మా చెల్లి ఉంది,” అంది. “అక్కడ డిపార్టుమెంటు అనరు. దొర అంటారు. అది కూడా జామాయిలే.”

కామేశ్వరిగారు కుర్చీలో కూర్చున్నారు. అప్పుడు ముత్తెమ్మ చీర కుచ్చెళ్ళు సర్దుకుని, నాగమణిని లేపి, జాయ్సీతో అంది:

“నోటీసులకి గడువు ఎన్నాళ్ళో అడుగు. ఆ ఊళ్ళ పేర్లు రాసుకో. మొదటి బస్సు చింతలపూడిది.”

*

ఇక్కణ్ణుంచి మళ్ళీ నేనే. అప్పటికి గడువు నలభై రెండు రోజులుంది. ముత్తెమ్మా, నాగమణీ, నేనూ అయిదు ఊళ్ళూ తిరిగాం. ప్రతి ఊళ్ళోనూ పుస్తకంలో చెట్టు పేరు రాయించాం, ప్రతి పుస్తకంలోనూ నేను వేలేశాను. కొట్టేసిన ఫైళ్ళలో కొన్ని తిరిగి తెరిచారు. కొన్ని ఇంకా మూసే ఉన్నాయి.

కానీ ఆ సూచనల కాగితం మొత్తం ఎన్ని ఊళ్ళకి వెళ్ళిందో నాకు తెలీదు. కంపెనీ మరుసటి ఏడే మూతపడింది. ఆ జాబితా ఏమైందో మధుబాబుగారికీ తెలీదు. కొట్టేసినవాటిని మళ్ళీ చూడమని ఇప్పటికీ అడగొచ్చు. ఎక్కడున్నాయో తెలియాలి, అంతే.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ రోజుల్లో మీ ఊరికి ఎవరైనా యంత్రం పట్టుకుని వచ్చారా? ఇప్పుడిక్కడ ఏముంది అని అడిగారా? మీరేం చెప్పారు? మీ పక్క ఆ చెట్టుని ఏమంటారు: కంపెనీ అంటారా, రేంజరు అంటారా, బ్యాంకు అంటారా? కథలా రాయక్కర్లేదు. ఊరి పేరూ, ఆ చెట్టు పేరూ, అది రాకముందు అక్కడ ఏం పండేదో రాయండి చాలు. రాయడం రాకపోతే ఎవరిచేతైనా రాయించి, చదివించుకుని విని, ఆ తర్వాతే పంపండి.